ఆఫీసు మా ఇంట్లో కాపురమున్న ఎండాకాలం

మా ఆయన కూర్చునే కుర్చీ మీద పైకప్పు పెచ్చు ఊడిపడింది. అదృష్టం బాగుండి ఆ సమయానికి ఆయన కుర్చీలో లేరు. కాలువ దగ్గర ఇనప జల్లెడకి అడ్డం పడిన పరుపును బయటికి లాగించే పనిలో ఉన్నారు. పరుపంటే మనం పడుకునే పరుపే. జనం మురుగు కాలువలో ఏమేం పడేస్తారో చెప్తే మీరు నమ్మరు.

"ఆ పరుపు పారేసిన మహానుభావుడెవరో గానీ నా ప్రాణం కాపాడాడు," అన్నారు ఆయన ఇంటికొచ్చి నవ్వుతూ. ఆ గదిలోకి వెళ్ళి చూసొచ్చినట్టున్నారు, చొక్కా భుజాల మీద సున్నప్పొడి ఇంకా అలాగే ఉంది.

మా ఆయన ఊరి మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటుకి సూపరింటెండెంటు. ప్లాంటు ఆవరణలోనే మా క్వార్టర్స్. ఆఫీసు బిల్డింగు వయసులో మా ఆయన కంటే పెద్దది. వానొస్తే బయట కంటే లోపలే ఎక్కువ కురిసేది. మురుగు వచ్చిపడే కాలువ వైపు దాని ముఖం కావడంతో కిటికీలన్నిటికీ ఎప్పుడో మేకులు కొట్టేశారు. ఎన్నేళ్ళుగానో బాగుచేయించమని అడుగుతుంటే చెవిన పెట్టని పెద్దలు, పెచ్చు ఊడిపడిందనగానే కదిలారు.

"కూలగొట్టి కొత్తది కడతారా?" అనడిగాను ఆ రాత్రి భోజనాల దగ్గర.

"కూలగొట్టరు. గోడలు గట్టివేనట. పైకప్పు, కిటికీలు, వైర్లు, నేల అన్నీ మారుస్తారు. వానలు మొదలయ్యేలోపు అయిపోవాలని."

"మరి అందాకా ఆఫీసు ఎక్కడ పెట్టుకుంటారు?"

ఆయన తల ఎత్తలేదు. పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నాను, నాకు నచ్చని మాట చెప్పాల్సొస్తే కంచంలో ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతారు.

"మన హాల్లో," అన్నారు.

బల్లకి అవతలి కొసన కూర్చున్న మా మామయ్య మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టారు. "అమ్మాయ్," అన్నారు నావైపే చూస్తూ, "ఇన్నాళ్ళూ మురుగు గోడకి అవతలుండేది. ఇక నట్టింట్లోకే వస్తోందన్నమాట."

"రాదని చెప్పు," అన్నారు మా ఆయన, ఆయనా నావైపే చూస్తూ. "వచ్చేవి బల్లలూ ఫోనూ మాత్రమే."

అదీ మా ఇంటి తీరు. తండ్రీకొడుకులు ఒకే బల్ల దగ్గర కూర్చుని నా మీదుగా మాట్లాడుకునేవాళ్ళు. నేను ఇద్దరికీ నడుమ తపాలా బంట్రోతుని.

మామయ్య పనిచేసిన రోజుల్లో బస్టాండులో మైకులో చెప్పేవారు. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది ఆలస్యమో ఆయన గొంతులోంచే జనానికి తెలిసేది. ఆయన పిలుస్తుంటే ఊరికెళ్ళే పనిలేనివాళ్ళు కూడా బస్సెక్కి కూర్చునేవాళ్ళని చెప్పుకుంటారు. అత్తయ్య పోయాక మా దగ్గరికి వచ్చారు. వచ్చినరోజే జేబురుమాలు మీద సెంటు చల్లుకుని ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు, మరి తీయలేదు. తన గది కిటికీ ఏనాడూ తెరవలేదు. పాత స్నేహితులు ఫోన్ చేసి కొడుకేం చేస్తున్నాడని అడిగితే "మావాడు నీళ్ళ శాఖలో ఆఫీసరు" అని చెప్పేవారు. ఓసారి ఆ మాట మా ఆయన గుమ్మంలో నిలబడి విన్నారు. అబద్ధమేమీ కాదు, మురుగులో ఉన్నదీ నీళ్ళే. కానీ ఆ రోజు నుంచి ఆయన తండ్రితో నేరుగా ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు.

*

ఆఫీసు వచ్చింది. హాల్లో సోఫా వెళ్ళి పడకగదిలో నిలువుగా నిలబడింది. దాని చోట్లో రెండు బల్లలు, ఒక బీరువా. టీవీ ఉండే గోడకి ఊరి మురుగు గొట్టాల పటం వేలాడదీశారు. ఆ పటం చూస్తే ఊరంతా ఎర్ర నరాలూ నీలం నరాలూ ఉన్న చెయ్యిలా ఉండేది. వెనక వరండాలో ల్యాబ్ అమ్మాయి తన సీసాలూ సూక్ష్మదర్శినీ పెట్టుకుంది. అమ్మాయంటే అమ్మాయేం కాదు, ఇద్దరు పిల్లల తల్లి. ప్లాంటులో చేరినప్పుడు పెట్టిన పిలుపు అలా ఉండిపోయింది.

"వదినా, ఆ ఫ్రిజ్జులో కింది అరలో ఎర్రమూత సీసాలు మాత్రం ముట్టుకోకండి," అంది మొదటిరోజే.

"ఎందుకు? ఏమున్నాయందులో?"

"మీరు అడక్కుండా ఉంటే నేను చెప్పకుండా ఉంటాను."

ఆ సాయంత్రమే మా ఆయనతో పోట్లాడి వాళ్ళకి వేరే ఫ్రిజ్జు తెప్పించాను.

అన్నిటికంటే పెద్ద బాధ ఫోను. జనానికి మురుగు గుర్తొచ్చేది అది పొంగినప్పుడే. పొంగగానే ఫోన్ అందుకుని, ఎత్తినవాళ్ళే తమ ఇంటి ముందు కాలువ పూడ్చినంత కోపంగా తిట్టేవాళ్ళు. మా ఆయన రోజంతా మురుగు శుభ్రపడే తొట్ల దగ్గరుండేవారు. ల్యాబ్ అమ్మాయి చేతులకి తొడుగులు. మిగిలింది నేను. వంట చేస్తూ, పొయ్యి తగ్గించి పరుగెత్తుకొచ్చి, తిట్లు తిని, తిరిగొచ్చి చూస్తే కూర అడుగంటేది. తిట్లకైతే అలవాటు పడ్డాను గానీ మాడిన కూరకి అలవాటు పడలేకపోయాను.

అలాంటి ఒక పొద్దున పొయ్యి మీద కూర పడేసి నేను పిండి కలుపుతున్నాను. ఫోను మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. మోచేతుల దాకా పిండి. "వస్తున్నా, వస్తున్నా" అని ఫోనుకే చెప్తున్నాను. అంతలో మోత ఆగిపోయింది. హాల్లోంచి ఒక గొంతు వినపడింది.

"నమస్కారమండీ. చెప్పండి."

నేను చేతులు గాల్లో పెట్టుకునే వచ్చి చూశాను. మామయ్య. తెల్లచొక్కా, ఎడంచేత్తో ముక్కు దగ్గర రుమాలు, కుడిచేత్తో ఫోను. అవతలివాడు అరుస్తున్నది గుమ్మం దాకా వినిపిస్తోంది. మామయ్య ముఖంలో ఏ మార్పూ లేదు. ఆలస్యమైన బస్సుల కోసం అరిచే జనాన్ని ఏళ్ళ తరబడి చూసిన మనిషి మరి.

"అవునండీ. ఇబ్బందే. మీ వీధి పేరు చెప్పండి... ఇంటి గుర్తు?... సరే. మనిషి వస్తాడు. వచ్చేలోపు బాత్రూంలో నీళ్ళు వదలకండి. ఉంటానండీ."

ఫోన్ పెట్టేసి, నన్ను చూసి, తప్పు చేస్తూ దొరికినట్టు గొంతు సవరించుకున్నారు. "ఊరికే మోగుతోంది. తలనొప్పి," అన్నారు.

"పోన్లెండి మామయ్యా, నా కూర బతికింది," అన్నాను.

ఆ మధ్యాహ్నం మళ్ళీ తలనొప్పి వచ్చింది. మర్నాడు పొద్దున్నే కుర్చీ ఫోను దగ్గరికి జరిగింది. వారం తిరిగేసరికి తిట్టడానికి ఫోన్ చేసినవాళ్ళు చివర్లో "మీ ఆరోగ్యం జాగ్రత్తండీ" అని చెప్పి పెట్టేయడం మొదలెట్టారు. ఒకావిడైతే కాలువ బాగైపోయాక కూడా రెండుసార్లు చేసింది.

"అమ్మాయ్," అనేవారు మామయ్య భోజనాల దగ్గర, "అతన్నడుగు, రైల్వే వంతెన అవతలి వీధుల నీళ్ళు ఎటు పోతాయని. ఎవరైనా అడిగితే తెల్లముఖం వేయాల్సొస్తోంది."

"పటంలో ఎర్రగీత పట్టుకుని రమ్మను. బజారు దగ్గర పెద్ద గొట్టంలో కలుస్తుంది," అనేవారు మా ఆయన.

"ఎంతసేపట్లో చేరుతుందో అడుగు."

"అటునుంచైతే త్వరగానే. కుక్కర్ కూత పెట్టేలోపు."

నా తపాలా పని తగ్గకపోగా రెట్టింపయింది. కానీ ఆ ఉత్తరాలు ఇప్పుడు మోయడానికి బరువుగా లేవు. రాత్రి నేను దీపం ఆర్పడానికి వస్తే, మామయ్య కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి పటం మీద వేలితో ఎర్రగీత వెంట నడుస్తూ కనపడేవారు.

*

బిల్డింగు దగ్గరికి నేను రోజూ ఒకసారి వెళ్ళేదాన్ని. పనివాళ్ళకి టీ ఇచ్చే వంకతో వెళ్ళేదాన్ని గానీ, అసలు సంగతి నాకు పడగొట్టడం చూడ్డం ఇష్టం. పైకప్పు పలకలు తీస్తే ఎలకల కాపురాలు బయటపడ్డాయి. గోడల్లోంచి లాగిన రాగి వైర్లు మసిబొగ్గుల్లా ఉన్నాయి. కాలువ మీది గాలి తినేసిందట. మేస్త్రి ఒక వైరు నా చేతికిచ్చి "విరవండమ్మా" అన్నాడు. పుల్లలా విరిగింది.

"ఇలాంటి వాటి మధ్య మా సార్ ఎన్నేళ్ళుగా కూర్చుంటున్నారమ్మా?" అనడిగాడు. విరిగిన ముక్కలు అక్కడే పడేసి కొంగుకి చెయ్యి తుడుచుకున్నాను.

ఆ రోజే నేను వెనకవైపు గోడకి ఉన్న చిన్న సామాన్ల గది వెంటిలేటర్‌లోంచి అవతలికి చూశాను. అటువైపు ఆఖరి చెరువు. జల్లెళ్ళూ తొట్లూ అన్నీ దాటి, శుభ్రపడ్డ నీళ్ళు నదిలోకి పోయేముందు అందులో కాసేపు నిలబడతాయి. నీలంగా, కదలకుండా ఉంది. గట్టు మీద తెల్లకొంగలు.

"ఈ బిల్డింగు ముఖం ఇటు తిప్పితే ఏం పోయింది?" అన్నాను మేస్త్రితో. "మురుగు వచ్చే వైపు చూస్తూ ఎందుకు కూర్చోవాలి? పోయే వైపు చూడొచ్చుగా."

మేస్త్రి గోడని పిడికిలితో కొట్టి చూశాడు. "ఇది బరువు మోసే గోడ కాదమ్మా. తియ్యొచ్చు. సార్ ఒప్పుకుంటే కాగితాలు మార్పిస్తాను."

మా ఆయన మొదట ఒప్పుకోలేదు. "కాలువ కళ్ళ ముందుంటేనే నాకు ధైర్యం," అన్నారు. ఆయన్ని ఒప్పించడానికి నాకు కొన్ని భోజనాలూ ఒక అలకా పట్టాయి. చివరికి పెద్ద గది చెరువు వైపూ, కాలువ వైపు మాత్రం మందపాటి అద్దంతో ఒకే కిటికీ అని రాజీకొచ్చాం. వెనక గోడ పడగొట్టిన రోజు వెలుతురు ఒక్కసారిగా లోపలికి వచ్చిపడితే పనివాళ్ళు కూడా గునపాలు దించి చూశారు.

*

ఎండాకాలం చివరికొచ్చింది. ఆకాశం పొద్దున మబ్బేసి మధ్యాహ్నానికి విడిపోతోంది. వానలొచ్చేలోపు కిటికీలు అయిపోవాలని అందరికీ తొందర. పాత ఇనప చట్రాలు తుప్పు పట్టి గోడలకి అతుక్కుపోయాయి. గ్యాస్ మంటతో కోస్తే తప్ప రావు.

కాలువలోకి పెట్రోలు లాంటిది వస్తే పసిగట్టి మోగే గంట ఒకటి మా దగ్గరుండేది. దాని వైర్లు ఆ బిల్డింగులోంచే వెళ్తాయి కాబట్టి అవీ పీకేశారు. వేరే గంట తెప్పించేదాకా కాలువ వైపు నిప్పుతో పని పెట్టొద్దని మా ఆయన గట్టిగానే చెప్పారు. మేస్త్రి సరేనన్నాడు. కానీ ఆ మధ్యాహ్నం మేస్త్రి కొత్త తలుపులు చూసుకోవడానికి బయటికెళ్ళాడు. ఆ వైపు రెండే చట్రాలు మిగిలాయి కదా, మేస్త్రి వచ్చేలోపు తెమిల్చేద్దామనుకున్నారు పనివాళ్ళు. చెడ్డ ఉద్దేశం కాదు. చెడ్డ పనులు సగం ఇలాగే జరుగుతాయి.

నేను హాల్లో కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. ఫోను మోగింది. మామయ్య ఎత్తారు.

"చెప్పండమ్మా... పెరట్లో తూములోంచి వాసనా? మురుగు వాసన కాదా?" కాస్త ఆగారు. "కిరోసినా, పెట్రోలా?... ఎప్పట్నుంచి?... పొద్దుట్నుంచీనా?"

నేను మడతపెట్టడం ఆపాను.

"అమ్మా, నామాట వినండి. పొయ్యి వెలిగించకండి. కిటికీలు తెరిచి మీరు వీధిలోకి వచ్చి కూర్చోండి. పక్కవాళ్ళకీ చెప్పండి. మీరు భయపడకండి, నేనున్నాను. ఏ వీధి?"

ఆవిడ చెప్పింది. మామయ్య ఫోను చెవి దగ్గరే ఉంచుకుని పటం వైపు తిరిగారు. వేలు రైల్వే వంతెన అవతల పెట్టి, ఎర్రగీత మీదుగా బజారు దాకా, అక్కణ్ణుంచి పెద్ద గొట్టం మీదుగా కిందికి తెచ్చారు. ఆ గీత ఆగేది మా కాలువ దగ్గర. వేలు అక్కడే ఆగిపోయింది.

"పొద్దుట్నుంచి అంటోంది," అన్నారు నెమ్మదిగా. "అంటే ఈపాటికి ఇక్కడే ఉంది." తర్వాత నావైపు తిరిగి, "అమ్మాయ్, బిల్డింగు దగ్గర ఇప్పుడేం పని చేస్తున్నారో చూడు."

కిటికీలోంచి చూశాను. కాలువ వైపు గోడ మీద ఎర్రగా, పసుప్పచ్చగా నిప్పురవ్వలు రాలుతున్నాయి.

వేలెత్తి చూపించాను. మామయ్య ఫోను నా ఒళ్ళో పడేసి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచారు. మెట్ల మీద నిలబడ్డారు. అక్కణ్ణుంచి బిల్డింగుకి మధ్య పెద్ద ఆవరణ, పక్కన మోటార్ల హోరు. మామూలు మనిషి అరుపు సగం దూరం కూడా పోదు. మామయ్య ఛాతీ నిండా ఊపిరి తీసుకున్నారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి!"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ క్షణంలో ఎవరికీ నవ్వు రాలేదు. ఆ గొంతు మోటార్ల హోరుని తోసుకుంటూ ఆవరణ చివరిదాకా వెళ్ళింది. నిప్పురవ్వలు ఆగాయి. మంట పట్టుకున్నవాడు, గునపం పట్టుకున్నవాడు, గేటు దగ్గరి కాపలా మనిషి, అందరూ ఇటు తిరిగారు.

"కిటికీలు కోస్తున్నవారు వెంటనే మంట ఆర్పవలెను. కాలువలోకి పెట్రోలు వచ్చుచున్నది. ఎవరూ అగ్గిపుల్ల గీయరాదు. అందరూ గేటు వైపు నడవవలెను. పరుగెత్తరాదు." ఒక్క క్షణం ఆగి, అలవాటు ప్రకారం మళ్ళీ మొదట్నుంచీ అంతా చెప్పారు.

ఎవరూ పరుగెత్తలేదు. బస్సు దిగిన జనంలా వరసగా నడిచి గేటు దగ్గర చేరారు. అవతల తొట్ల దగ్గర్నుంచి మా ఆయన మాత్రం పరుగున వచ్చారు. ఆయనకీ ఆ గొంతు వినపడిందట. జేబులో ఉండే చిన్న గ్యాస్ మీటరు కాలువకి ఇంకా ఇంత దూరంలో ఉండగానే కీచుమని ఏడుపు లంకించుకుంది. ఆయన కాలువ దగ్గరి మోటార్లకి కరెంటు ఆపించి, వచ్చే మురుగునంతా ఖాళీగా ఉన్న పక్క తొట్టిలోకి మళ్ళించారు. ఫైరింజను వచ్చింది. బజారు అవతల బళ్ళు బాగుచేసే షెడ్డులో పెట్రోలు ట్యాంకు చిల్లుపడి తూములోకి కారిందని సాయంత్రానికి తేలింది. ఫోన్ చేసిన పెద్దావిడ క్షేమం. వీధిలో కుర్చీ వేసుకుని కూర్చుని, మామయ్య చెప్పినట్టే అందర్నీ బయట కూర్చోబెట్టిందట.

చీకటి పడుతుండగా మా ఆయన ఇంటికి వచ్చారు. బూట్ల నిండా బురద. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డారు. మామయ్య ఫోను పక్కన కుర్చీలో ఉన్నారు. గొంతు పూర్తిగా పోయింది, గాలి మాత్రమే వస్తోంది.

నేను ఎప్పట్లాగే ఇద్దరి మధ్యా నిలబడి, ఎవరు ముందు నాతో అంటారా అని చూస్తున్నాను.

"నాన్నా," అన్నారు మా ఆయన. "గొంతు పోయిందటగా. వేడినీళ్ళు తాగారా?"

మామయ్య నావైపు చూడలేదు. "నువ్వు ముందు కాళ్ళు కడుక్కో," అన్నారు గాలి గొంతుతో. "పొద్దున తిన్నావు. ఎప్పుడనగా తిన్నావు."

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. కాగాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.

*

గొంతు తిరిగొచ్చిన రోజుల్లోనే బస్టాండు నాటి స్నేహితుడొకాయన ఫోన్ చేశారు. మామయ్య హాల్లో మాట్లాడుతున్నారు. అవతలి బల్ల దగ్గర మా ఆయన ఏవో కాగితాలు చూస్తున్నారు.

"నీళ్ళ శాఖా? కాదయ్యా, మురుగునీటి ప్లాంటు. మావాడే దానికి పెద్ద... వాసనా? ఉంటుంది మరి. నువ్వు చేసిందీ నేను చేసిందీ అంతా ఇక్కడికే వస్తే అత్తరు వాసన వస్తుందా? ఓసారి రా, చూపిస్తాను. ఆఖరి చెరువు చూస్తే నువ్వే ఈతకి దిగుతానంటావు."

మా ఆయన తల ఎత్తలేదు. పేజీ కూడా తిప్పలేదు. ల్యాబ్ అమ్మాయి వరండాలోంచి నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేసింది. నేను బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళాను. ఆరేయడానికి బట్టలేం లేవు.

వానలు కాస్త దయతలచి ఆలస్యంగా వచ్చాయి. అప్పటికి కిటికీలయ్యాయి, వైర్లయ్యాయి, గంట మళ్ళీ మోగడం నేర్చుకుంది. మొదటి పెద్ద వానలో మేమందరం గొడుగులు వేసుకుని వెళ్ళి, లోపల గొడుగులు ముడిచి, కొత్త పైకప్పు కింద తలలెత్తి నిలబడ్డాం. ఒక్క చుక్క రాలలేదు. మేస్త్రి గర్వంగా మీసం దువ్వుకున్నాడు. పెద్ద గది కిటికీల అవతల చెరువు మీద వాన పడుతోంది.

బల్లలూ బీరువా పటమూ వెళ్ళిపోయాయి. సోఫా తిరిగొచ్చింది. ఆ మధ్యాహ్నం హాలు ఎంత పెద్దదిగా అనిపించిందంటే, నాకేమీ తోచలేదు. ఫోను మోగితే బాగుండుననుకున్నాను. ఫోనూ వెళ్ళిపోయింది, దాని వెనకే మామయ్యా వెళ్ళారు. జీతం లేదు, హోదా లేదు. పొద్దున్నే కొడుకుతో కలిసి గొడుగు కింద నడిచి వెళ్తారు, భోజనానికి వస్తారు, మళ్ళీ వెళ్తారు.

ఒక రోజు భోజనం వేళ దాటినా ఇద్దరూ రాలేదు. పిలుద్దామని బిల్డింగు దాకా వెళ్ళాను. దూరం నుంచే గొంతులు వినపడ్డాయి. ఫిర్యాదు చెప్పడానికి వచ్చేవాళ్ళ కోసం మామయ్య బయట బెంచీ ఒకటి వేయించారు. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది గొడవ.

"తలుపు పక్కనే ఉండాలిరా. వచ్చినవాడు కోపంగా వస్తాడు. ముందు కూర్చోబెట్టాలి."

"తలుపు పక్కన పెడితే మనుషులెలా నడుస్తారు నాన్నా? చెరువు వైపు పెడితే నీళ్ళు చూస్తూ కూర్చుంటారు, కోపం అదే పోతుంది."

"నీళ్ళు చూస్తూ కూర్చుంటే చెప్పాల్సింది మర్చిపోతాడు!"

"మర్చిపోతే మనకే మంచిది కదా!"

"ఓరి వెధవా, నువ్వు సూపరింటెండెంటువా, సోమరిపోతువా?"

ఇద్దరూ బెంచీకి చెరో కొసా పట్టుకుని, ఒకరు ఇటు, ఒకరు అటు లాగుతున్నారు. మా ఆయన ముఖం కందిపోయి ఉంది. మామయ్య తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి.

"భోజనానికి రండి," అన్నాను.

ఇద్దరిలో ఎవరికీ వినపడలేదు. నేను రెండోసారి పిలవలేదు. కొత్త మెట్టు మీద కొంగు పరుచుకుని కూర్చున్నాను.